మూడో ముడి

మిర్యాలగూడ,
3-2-1987

చి. ఆండాళుకు చిన్నమ్మ దీవెనలు.

దసరాకు నువ్వు తెచ్చిచ్చిన కత్తెరను డిసెంబరు దాకా బీరువాలోనే దాచుకున్నాను. జనవరి నుంచి మిల్లుకు పట్టుకుపోతున్నాను. ఇప్పుడది నా చేతికి ఆరో వేలయింది.

నా పనేమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పినట్టు లేను. మీ చిన్నాయన పొలం చూసుకుంటాడు. నేను స్టేషను దగ్గరి మిల్లులో బియ్యం సంచులు కుట్టించే కాంట్రాక్టు చూసుకుంటాను. కాంటా మీద తూకం అయిన సంచి మా ఆడవాళ్ల ముందుకు వస్తుంది. వాళ్లు దబ్బనంతో, సుతిలి తాడుతో మూతి కుట్టి రెండు మూలల్లో రెండు చెవులు తీస్తారు. హమాలీ కొక్కెం తగిలించేది, పట్టి ఎత్తేది ఆ చెవినే. చెవి లేని సంచి, లోపల ఎంత మంచి బియ్యమున్నా, ఉన్నచోటి నుంచి కదలదు.

కుట్టడం అయ్యాక ఒక్కొక్క సంచినీ నేను చూసి, వేలాడే సుతిలి తోకను ముడి మొదట్లోకి కత్తిరించి పంపుతాను. తోకలు వేలాడితే నాకు కంట్లో నలుసు పడ్డట్టుంటుంది. మొన్న బియ్యం కోసం కోదాడ నుంచి లారీతో వచ్చిన మీ ప్రభాకర్ మామ చూసి, "అక్కయ్యా, నీ సంచులు బడికెళ్లే పిల్లల్లాగా తల దువ్వుకుని కూర్చున్నాయే" అన్నాడు. నా సొంత తమ్ముడే అయినా పదేళ్లు కోదాడలో వ్యాపారం చేసేసరికి వాడి మాట కృష్ణ దాటి ఆంధ్రా ఒడ్డుకు కొట్టుకుపోయింది. మెచ్చుకున్నాడు కాబట్టి వదిలేశాను.

నువ్వక్కడ ఏం చదువుతున్నావో సూర్యాపేటలో మీ అమ్మను అడిగితే, "దాని సదువు కండ్లకు కనపడది, దాని నౌకరీ కనపడది" అంటుంది. నాకు అర్థమయ్యేలా ఒకసారి రాయి. ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని, మరీ తీసిపారెయ్యకు.

కాగితం కింద మిగిలిన ఖాళీని కత్తిరించుకున్నాను, సరుకుల చీటీలకు పనికొస్తుంది. తోక లేని ఉత్తరమని నవ్వుకోకు.

నీ చిన్నమ్మ
లక్ష్మీకాంతమ్మ


హైదరాబాద్,
12-2-1987

చిన్నమ్మకు నమస్కారం.

తోక తెగిన ఉత్తరం అందింది. నవ్వుకున్నాను, ఏం చేస్తావో చేసుకో.

నీ పని, నా పని పక్కపక్క వాకిళ్లని నీ ఉత్తరం చదివితే గాని తెలియలేదు. మన ఒంట్లో కండ, నెత్తురు, వెంట్రుక అన్నీ కట్టడానికి అమైనో ఆమ్లాలనే సరుకు కావాలి. ఆ సరుకును మోసుకొచ్చేవి చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏలు. ఒక్కొక్కదాని చివర సి, సి, ఎ అని మూడు అక్షరాలు వరుసగా ఉండాలి. సరుకు తగులుకునేది చివరి ఎ మీదే. అది లేకపోతే మిగతా ఆర్‌ఎన్‌ఏ ఎంత చక్కగా ఉన్నా ఖాళీ చేతులతో తిరగాల్సిందే. అచ్చం నీ చెవి లేని సంచి లాగా.

విచిత్రమేమిటంటే, ఆ మూడు అక్షరాలు మన జన్యువుల్లో ఎక్కడా రాసి ఉండవు. ఆర్‌ఎన్‌ఏ తయారైన తర్వాత ఒక ఎంజైము వచ్చి, ఏ కాగితమూ చూడకుండా, సరిగ్గా మూడు పెట్టి ఆగిపోతుంది. వాడకంలో చివర అరిగిపోతే మళ్లీ అదే వచ్చి బాగు చేస్తుంది. ఒకటి పోతే ఒకటి పెడుతుంది, రెండు పోతే రెండు పెడుతుంది. చూసి రాయడానికి ఏమీ లేనప్పుడు దానికి లెక్క ఎలా తెలుస్తుందన్నది నా పరిశోధన.

ఆ ఎంజైమును, మా పుస్తకాలు కాలేయమనే మేక కార్జం నుంచి తీస్తాను. మాంసం కొట్టతను నేను కొనే కార్జం చూసి, "ఇంట్ల మంది మస్తుగున్నరా మేడం" అని అడుగుతాడు. ఉన్నారంటాను.

పరీక్ష ఇలా చేస్తాను. పాము విషంలో ఇంకో ఎంజైము ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ చివర నుంచి ఒక్కొక్క అక్షరం కొరుక్కుంటూ రావడం దాని పని. ముందు దానితో చివర కొరికిస్తాను. తర్వాత కార్జం ఎంజైము వేసి, పోయిన అక్షరాలు తిరిగి పెడుతుందా అని చూస్తాను. ఏడాదిగా సి పడుతోంది, మళ్లీ సి పడుతోంది. మూడోదైన ఎ మాత్రం పడటం లేదు.

జూన్‌తో నా ఫెలోషిప్పు అయిపోతుంది. అప్పటికి ఇది తేలకపోతే నాలుగేళ్ల పనిని మూటగట్టి అటక మీద పెట్టుకోవాలి. మా సార్ ఇదివరకు రోజూ నా బల్ల దగ్గర ఆగేవారు. ఈ మధ్య ఆగకుండా పోతున్నారు. ఈ ఒక్క ముక్క అమ్మకు చెప్పకు.

నీ
ఆండాళు


మిర్యాలగూడ,
24-2-1987

చి. ఆండాళుకు ఆశీస్సులు. నువ్వు బతికే ఉన్నావని నాకు తెలుసు.

ఎందుకిలా మొదలుపెట్టానంటే, ఆదివారం సూర్యాపేట పోయి నీ ఉత్తరాన్ని మీ అమ్మకు చదివి వినిపించాను. సార్ సంగతి దాచాను గాని, పాము దగ్గర ఆపాలన్న తెలివి లేకపోయింది. "పాములు పట్టనీకా దీన్ని ఎమ్మెస్సీ సదివించింది" అని మీ అమ్మ కూలబడింది. సాయంత్రానికి నువ్వు నాగుపాముల కోరలు పిండుతున్నావని వీధంతా తెలిసింది. మర్నాటికి ఆ మాట కోదాడ చేరింది, అక్కడ ఆ పాము నిన్ను కరిచేసింది. ప్రభాకర్ మిల్లుకు ఫోను చేసి నువ్వు ఏ దవాఖానాలో ఉన్నావని అడిగాడు. ఇకనుంచి పాము మాటేదన్నా ఉంటే వేరే కాగితం మీద రాయి.

కార్జాన్ని వండుకోకుండా పాడు చేస్తున్నావన్నదొక్కటే నాకు బాధ. మిగతాదంతా అర్థమయింది, నా సంచుల వల్ల.

నా సంచులకూ నీ జబ్బే పట్టింది. మా హమాలీ మేస్త్రీ మత్తయ్య నెల కిందటి నుంచి చెబుతున్నాడు, "అమ్మా, చెవులు ఊడుతున్నయి, జర సూడుండ్రి" అని. పోయి చూశాను. ఒక్కొక్క చెవికి మూడు ముళ్లుండాలి. ఊడినవాటికి రెండే ఉన్నాయి. చెవుల పనంతా భూలిది. సూర్యాపేట అవతల ఆత్మకూరు దగ్గర తండా మనిషి, ఎనిమిదేళ్లుగా నా దగ్గరే ఉంది. మూతి ఎవరు కుట్టినా చెవి మాత్రం ఆమె చేత్తోనే పడాలి. సంచి వైపు చూడకుండా, పక్కన మూతులు కుట్టే బక్కమ్మతో మాట్లాడుతూ మూడు ముళ్లు వేసి ఆగుతుంది. ఎప్పుడైనా ఊడిన సంచి తిరిగొస్తే మొత్తం విప్పదు, ఎంత ఊడిందో వేలితో తడిమి అంతే వేస్తుంది. నువ్వు రాసిన కార్జం ఎంజైము ఎవరో కాదు, మా భూలే అనుకున్నాను.

మరి అటువంటి మనిషి చేతిలో మూడో ముడి ఎందుకు పడటం లేదు? నీకూ మూడోదే పడదు, నాకూ మూడోదే పడదు. నువ్వు చదువుకున్నదానివి, ఇలాంటప్పుడు ఎవరిని పట్టుకోవాలో చెప్పు.

ఈ మూడు ముళ్ల మాట మీ అమ్మకు చదివి వినిపించను. ఆమెకు మూడు ముళ్లంటే ఒకటే అర్థం, వెంటనే పంతులును పిలుస్తుంది.

నీ చిన్నమ్మ


హైదరాబాద్,
6-3-1987

చిన్నమ్మకు నమస్కారం.

మా దగ్గర పాములు లేవు. విషం తెల్లటి పొడిగా చిన్న సీసాలో వస్తుంది, సీసా ఫ్రిజ్‌లో ఉంటుంది, అది ఇంతవరకు ఎవరినీ కరవలేదు. ఇది అమ్మకు చదివి వినిపించు. ప్రభాకర్ మామకు రెండుసార్లు వినిపించు.

నిన్న సార్ నా బల్ల దగ్గర ఆగారు, చాలా రోజుల తర్వాత. నా పరీక్షలన్నీ తిరగేసి, "మొదటి రెండు సరిగ్గా పెట్టి చివరిది పెట్టలేకపోతోందంటే నీ ఎంజైములోనే లోపం" అన్నారు. నాకూ అదే అనిపిస్తోంది. చివరి పని జరగకపోతే, ఆ చివరి పని చేసేవాళ్లనే పట్టుకోవాలి. ఇంకెక్కడ వెతుకుతాం? నేను తీసి పెట్టుకున్న ఎంజైమునంతా ఈ రోజు పారబోశాను. నాలుగు నెలల కార్జం, చిన్నమ్మా. తొట్టిలో పోస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. రేపు పొద్దున్నే మళ్లీ మాంసం కొట్టు ముందు నిలబడాలి.

ఎక్కువ రాయలేను.

నీ
ఆండాళు


మిర్యాలగూడ,
20-3-1987

చి. ఆండాళుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక నాకు ధైర్యం వచ్చింది. ఎనిమిదేళ్ల మనిషి కదా అని వెనకాముందూ ఆడుతున్నాను. చివరి పని చేసేవాళ్లనే పట్టుకోవాలని నువ్వే రాశావు. అంత పెద్ద చదువుల చోట అదే పద్ధతయితే మిల్లులో వేరే పద్ధతెందుకు?

మొన్న బుధవారం ఒక లారీ లోడులోనే పదకొండు చెవులు ఊడాయి. కాంటా దగ్గరికి పోయి, హమాలీలు, ఆడవాళ్లు, డ్రైవరు అందరూ ఉండగానే అడిగేశాను. "భూలీ, నా ఉప్పు తింటూ ముడి మింగుతున్నవా? పని తొందరగ ఖతం కావాలని రెండేసి సాలిస్తున్నవా?" అన్నాను.  ఆమె నా చేతి వైపు ఒకసారి చూసింది. దబ్బనాన్ని ఉన్న సంచికే గుచ్చి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. మర్నాడు భర్త మంగ్త్యాతో కలిసి సామాను సర్దుకుని తండాకు పోయిందట.

ఒక్క మాటన్నా ఎదురు చెబుతుందనుకున్నాను. తప్పు చేసిన మనిషి కాబట్టే చెప్పలేదని మీ చిన్నాయన అంటాడు. కావచ్చు.

ఇప్పుడు చెవుల పని బక్కమ్మకిచ్చాను. నీ కొత్త కార్జం ఎలా ఉందో రాయి.

నీ చిన్నమ్మ


హైదరాబాద్,
2-4-1987

చిన్నమ్మకు.

నేను రాసింది మేక కార్జం గురించి. భూలి గురించి కాదు. నేను ఎన్నడూ చూడని మనిషిని నా మాట పట్టుకుని ఎలా పంపించేశావు? ఎంజైమును తొట్టిలో పారబోస్తే దానికి బాధ ఉండదు, ఊళ్లో పరువు ఉండదు.

కోపంలో రాస్తున్నాను. ఈ మాటలు ముందే కొట్టేయాల్సింది, కొట్టేయడం లేదు.

ఇంకో సంగతి వింటే నువ్వూ ఆగుతావు. కొత్త కార్జంతో కొత్త ఎంజైము తీశాను. చాలా జాగ్రత్తగా తీశాను, మూడు వారాలు పట్టింది. సి పడింది, సి పడింది, ఎ పడలేదు. అచ్చం మునుపటి లాగానే. అంటే మొదటిదానిలో లోపం లేదేమో. నిష్కారణంగా పారబోశానేమో. ఈ అంశం వదిలేసి ఇంకేదైనా చూసుకోమని సార్ నెమ్మదిగా చెప్పారు. ఆయన గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

బక్కమ్మ వేసిన చెవులు నిలుస్తున్నాయా? ఆ ఒక్కటి రాయి.

నీ
ఆండాళు


మిర్యాలగూడ,
15-4-1987

ఆండాళుకు.

నిలవడం లేదు. అడిగావు కాబట్టి రాస్తున్నాను. మొన్న కోదాడలో ప్రభాకర్ గోదాము ముందు దించుతుంటే చెవి ఊడి సంచి జారి, లారీ వెంట పోయిన మత్తయ్య భుజం గీరుకుపోయింది. ఎముకకు తగలలేదు, దేవుడి దయ. రోడ్డంతా బియ్యం. ప్రభాకర్ ఫోనులో, "అక్కయ్యా, సంచులు చూడ్డానికి బాగుంటాయి గానీ ఎత్తితే నిలబడటంలేదు" అన్నాడు. తల దువ్వుకున్న పిల్లలన్న నోరే అది.

సుతిలిలో నాసిరకం కలిసిందని తేలింది. నేనే తేల్చాను. కొత్త కొట్టు నుంచి కొత్త సుతిలి తెప్పించాను. బక్కమ్మను ముడి ముడికీ కేకలేస్తున్నాను.

ఇక నీ చదువు మాటలు నాకు రాయకు, నా మిల్లు మాటలు నేను నీకు రాయను. నువ్వు కార్జం చూసుకో. నలభై ఆరేళ్లొచ్చాక కూతురి లాంటి దానితో మాట పడటం నాకు కొత్త. పడ్డాను, సరే.

మామిడికాయ తొక్కు పెట్టాను. సూర్యాపేట నుంచి ఎవరైనా వస్తే పంపిస్తాను.

లక్ష్మీకాంతమ్మ


హైదరాబాద్,
9-5-1987

చిన్నమ్మకు అనేక నమస్కారాలు.

తొక్కు అందింది. కోపంలో ఉన్న మనిషి కారం కాస్త ఎక్కువ వేస్తుందని తెలిసింది. చాలా బాగుంది.

చదువు మాటలు రాయొద్దన్నావు. ఈ ఒక్కసారికి చదువు, తర్వాత నీ ఇష్టం. నా మూడోది ఎక్కడికి పోతోందో దొరికింది.

రెండు ఎంజైములూ ఒకే తప్పు చేయవని నా మనసుకు పట్టుకుంది. అందుకని కార్జం ఎంజైమును అసలు ముట్టుకోకుండా ఒక పరీక్ష చేశాను. మూడక్షరాలూ నిండుగా ఉన్న మంచి ఆర్‌ఎన్‌ఏను తీసుకున్నాను. దాన్ని, నేను విషంతో చివర కొరికించి దాచుకున్న ఆర్‌ఎన్‌ఏతో ఒకే గొట్టంలో కలిపి ఉంచాను. అరగంటకు చూస్తే ఆ మంచిదాని చివరి ఎ కూడా పోయింది.

అర్థమయిందా? పాము విషంతో పని అయ్యాక విషం మొత్తం పోయేలా కడగాలి. రెండోసారి కడిగితే ఆర్‌ఎన్‌ఏ కొంత వృథా అవుతుందని లోభపడి నేను ఒక్కసారే కడిగాను. అందులో కొంచెం విషం మిగిలే ఉంది. ఏడాదిగా కార్జం ఎంజైము ఎ పెడుతూనే ఉంది, ఆ మిగిలిన విషం దాన్ని కొరుకుతూనే ఉంది. నేను చివర్లో వచ్చి చూసి, పెట్టినవాడిదే తప్పన్నాను. కొరికేదాన్ని తెచ్చి పెట్టింది నేనే.

మూడుసార్లు కడిగి మళ్లీ చేశాను. ఎ పడింది. నిలిచింది. బల్ల మీద తలపెట్టుకుని కాసేపు ఏడ్చాను. నేను పారబోసిన మొదటి ఎంజైము నిక్షేపంగా ఉండేది.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను, కోప్పడకు. నీ మిల్లు నేను చూడలేదు, నాకేమీ తెలియదు. భూలి చేయి విడిచినప్పటి నుంచి మత్తయ్య కొక్కెం తగిలేదాకా ఆ చెవిని ఎవరెవరు ముట్టుకుంటారు? పేర్లు రాసి చూసుకో. నాకు పంపకపోయినా సరే.

నీ
ఆండాళు


మిర్యాలగూడ,
28-5-1987

చి. ఆండాళుకు.

నీ ఉత్తరం మిల్లుకే వచ్చింది. కాంటా పక్కన ఎత్తుపీట మీద కూర్చుని చదివాను. పేర్లు రాసుకుందామని చీటీ తీశాను. ఉత్తరాల కింద కత్తిరించి దాచుకున్న చీటీయే. భూలి, తర్వాత మత్తయ్య. మధ్యలో ఎవరి పేరు రాయాలా అని చూస్తే ఒళ్లో నీ కత్తెర ఉంది.

చీటీలో నా పేరు రాయలేదు. మత్తయ్యను పిలిచి బక్కమ్మ కుట్టిన ఆరు సంచులు పక్కన పెట్టించాను. మూడింటి తోకలు ఎప్పటిలాగే ముడి మొదట్లోకి కత్తిరించాను. మూడింటివి వదిలేశాను. కొక్కెం వేసి పదేసిసార్లు ఎత్తి దించమన్నాను. కత్తిరించినవాటిలో రెండు ఊడాయి. తోకలున్నవి ఒక్కటీ ఊడలేదు. మత్తయ్య అప్పుడు చెప్పాడు, "బరువు పడితే ముడి జర జరుగుతదమ్మా. జరగనీకి కొసన తాడుండాలె. లేకుంటే ఊడుతది." నేను సరేనన్నాను. అతను భుజం తడుముకుంటూ అటు తిరిగి బీడీ వెతుక్కున్నాడు.

కత్తెర జనవరిలో మిల్లుకొచ్చింది. చెవులు జనవరి నుంచే ఊడుతున్నాయి. నా కళ్ల ముందు ఉన్న సంగతికి నువ్వు హైదరాబాద్ నుంచి ఉత్తరం రాయాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున బస్సెక్కి సూర్యాపేట, అక్కడి నుంచి ఇంకో బస్సులో ఆత్మకూరు, అక్కడి నుంచి ఎండలో నడిచి తండాకు పోయాను. మంగ్త్యా మంచం వాల్చి నీళ్లిచ్చాడు. భూలి పాత చీరలతో బొంత కుడుతోంది. నన్ను చూసి లేచింది గాని సూది విడవలేదు.

"తప్పు నాదే భూలీ. ముడి ఊడగొట్టింది నా కత్తెర" అన్నాను.

"నాకెరికేనమ్మా" అంది.

"ఎరికుంటే గా రోజు ఎందుకు చెప్పకపోతివి?"

"ఎవరు కుట్టిండ్రని అడిగిండ్రు. ఎవరు కోసిండ్రని అడగకపోతిరి."

  మళ్లీ పనికి రమ్మన్నాను. ఆమె బొంత అంచు సరిచేసుకుంటూ, "నల్గురిల అన్న మాట నల్గురిల తీసుకోవాలె. గీడికొచ్చి అంటే మా గోడలింటయి, మిల్లు ఇనది" అంది. కోపంగా అనలేదు. కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది, తిన్నాను.

ఆలోచిస్తానని చెప్పి వచ్చేశాను. ఏం ఆలోచిస్తానో నాకే తెలియదు. ముప్ఫై మంది హమాలీలు, మిల్లు గుమాస్తాలు, లారీ డ్రైవర్లు. వాళ్ల ముందు నిలబడి నాది తప్పంటే రేపటి నుంచి నా మాట ఎవరు వింటారని మీ చిన్నాయన అంటున్నాడు. నాకూ ఆ భయమే. కానీ ఆ ఎత్తుపీట మీద కూర్చోబుద్ధి కావడం లేదు. వారం రోజులుగా నిలబడే పని చూస్తున్నాను, కాళ్లు పీకుతున్నాయి.

నీ చిన్నమ్మ


హైదరాబాద్,
8-6-1987

చిన్నమ్మా,

చివరి పని చేసేవాళ్లనే పట్టుకోవాలని రాసింది నేను. కత్తెర కొని తెచ్చింది కూడా నేనే. కాబట్టి ఆ తప్పులో సగం నాది.

మా దగ్గర ప్రతి శుక్రవారం అందరూ కూర్చుని ఎవరి పని వాళ్లు చెప్పాలి. మొన్న నా వంతు వచ్చింది. ఎ ఎందుకు పడలేదో సన్నగా దాటేసి, పడిందన్న సంగతి మాత్రం చెప్పొచ్చు. ముందు అలాగే రాసుకున్నాను. లేచి నిలబడ్డాక, "విషం సరిగా కడగనిది నేను, మంచి ఎంజైమును పారబోసింది నేను" అని చెప్పేశాను. వెనక వరసలో ఇద్దరు నవ్వారు. సార్ నవ్వలేదు. అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చి, "నీ ఫెలోషిప్పు ఆరు నెలలు పొడిగించమని రాస్తాను. ఎవరెవరి గొట్టాల్లో ఎంత విషం మిగిలిందో రేపటి నుంచి అందరూ చూసుకోవాలి" అన్నారు. ఆ నవ్విన ఇద్దరిలో ఒకరు సాయంత్రం వచ్చి నేను ఎలా కడిగానో అడిగి రాసుకుపోయారు.

నా మాట ఎవరూ వినకుండా పోలేదు చిన్నమ్మా. చెప్పేటప్పుడు మాత్రం బల్ల అంచు పట్టుకునే నిలబడ్డాను. అది నిజం.

నువ్వు చెప్పేటట్టయితే నా పేరు కూడా చెప్పు.

నీ
ఆండాళు


మిర్యాలగూడ,
25-6-1987

చి. ఆండాళుకు చిన్నమ్మ దీవెనలు.

చెప్పాను.

భూలికి మంగళవారం రమ్మని కబురు పెట్టాను. మంగ్త్యాను వెంటబెట్టుకుని వచ్చి కాంటా పక్కన నిలబడింది. ప్రభాకర్ లారీ నిండుతోంది, వాడూ ఉన్నాడు. కాంటా ఆపించి ఎత్తుపీట ఎక్కాను. పొట్టిదాన్ని కదా, నేల మీద నిలబడి చెబితే ముందు వరసకే వినపడుతుంది. "మార్చి నెలల భూలిని నేనన్న మాట తప్పు. ఆమె మూడు ముళ్లు ఏసింది. మూడోదాన్ని తిన్నది నా కత్తెర. మత్తయ్య భుజం గీరుకపోయింది కూడ దానివల్లనే. బక్కమ్మను తిట్టింది కూడ తప్పే" అన్నాను. నీ పేరు చెప్పలేదు. ముళ్ల మీద కత్తెర ఆడించింది నా చెయ్యి, మాట అన్నది నా నోరు. నీ సగం నువ్వే ఉంచుకో.

 ఒకరన్నా ఏదో ఒకటి అంటే దిగిపోదామని చూశాను. బక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చివరికి మత్తయ్య, "ఇగ లోడెత్తుదమా అమ్మా" అన్నాడు. దిగాను. ప్రభాకర్ నా చెయ్యి పట్టుకుని దించుతూ ఏదో అనబోయి, వాడి జన్మలో మొదటిసారి, ఊరుకున్నాడు.

భూలి గుచ్చి పోయిన దబ్బనాన్ని అప్పటి నుంచి ఎవరికీ ఇవ్వలేదు. కాంటా గదిలో మేకుకు తగిలించి ఉంచాను. ఎందుకుంచానో అప్పుడు తెలియదు. ఆమె పోయి దాన్ని తీసుకుని, తన చోట కూర్చుని, ముందున్న సంచిని దగ్గరికి లాక్కుంది. మూడు ముళ్లు వేసింది, బక్కమ్మతో మాట్లాడుతూ, సంచి వైపు చూడకుండా.

కత్తెర భూలికే ఇచ్చాను. "గుడ్డకు మంచిగ పనికొస్తది" అని బొంతల పనికి తీసుకుపోయింది. తోకలు వేలాడుతూనే ఉన్నాయి, చూస్తే ఇంకా నలుసు పడ్డట్టే ఉంది. చూడటం నేర్చుకుంటున్నాను.

ఈ ఉత్తరం రాస్తుంటే భూలి వచ్చి ఎవరికని అడిగింది. నీ పనంతా చెప్పాను, మేక కార్జం, పాము విషం, ఆ మూడు అక్షరాలు. మొత్తం విని, "గా పిల్లది మూడోది పడ్డదా మరి?" అంది. పడిందన్నాను. నిలిచిందా అని అడిగింది. నిలిచిందన్నాను.

అప్పుడు నా చేతి కింది నుంచి కాగితం లాక్కుని, కింద మిగిలిన ఖాళీలో దబ్బనంతో రెండు చిల్లులు పొడిచి, సుతిలి దూర్చి ముళ్లు వేసింది. దానితో కవరు ఉబ్బిపోయింది, పోస్టుమాస్టరు ఏమంటాడో తెలియదు. ఈసారి కాగితం కింద నేనేమీ కత్తిరించలేదు. తోక నాలుగు వేళ్ల పొడవుంటుంది, కొలిచి చూసుకో.

నీ చిన్నమ్మ
లక్ష్మీకాంతమ్మ